అంగట్లో అమ్మని పువ్వు

యలహంక పాతూరిలో అన్నావదినా ఉంటున్న అద్దె ఇల్లు ఉగాది తర్వాత పడగొడతారని ఖాయమైన రోజు వదిన నాకు ఫోన్ చేసింది. ఏడుస్తుందేమోనని ఓదార్పు మాటలు నాలుగు సిద్ధం చేసుకొని ఫోన్ ఎత్తాను. ఆమె అడిగింది వేరు.

"మే, పెరట్లో ఆ చెట్టు పేరు నీకేమన్నా తెలుసునా?"

"ఏ చెట్టు వదినా?"

"అదే, నీళ్ళ తొట్టి పక్కన ఉండాది కదా, పువ్వుల చెట్టు. కొమ్మలు విరిచి పెయింటు డబ్బాల్లో నాటినా. అన్నీ ఎండిపోయినాయి. మేం పోయేది మూడో అంతస్తుకు. అంత చెట్టును పెరక్కొని పోలేము. పేరన్నా తెలిస్తే నర్సరీలో అట్లాంటిది ఒకటి తెచ్చుకుంటా. నువ్వు ఊరంతా తిరిగి బేరాలాడేదానివి. కనుక్కోమ్మా."

ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నేనింకా రెండు జడలు వేసుకొని బడికి పోతున్నాను. అప్పటినుంచి ఇప్పటిదాకా వదిన నన్ను ఫలానాది కావాలని అడగడం అదే మొదలు. చీర తెచ్చిస్తే కట్టుకునేది, తేకపోతే ఎందుకు తేలేదని అడిగేది కాదు. అలాంటి మనిషి అడిగిందంటే అది చిన్న కోరిక కాదని అర్థమైంది. అర్థం కానిదల్లా ఆ చెట్టు పేరు. ఆ పెరట్లోనే పెరిగాను, దాని కిందనే నా గచ్చకాయలు పోగొట్టుకున్నాను, అయినా పేరు తెలియదు.

తెలియకపోవడానికి కారణముంది. అప్పట్లో అదే ఇంట్లో మాది చిల్లర సరుకుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు. అంగడికి తలుపంటే వరుసగా నిలబెట్టే చెక్క పలకలే. ఒక్కోదానిమీద సుద్దతో అంకె ఉండేది. ఒకటి తప్పు పెడితే చివరి పలక పట్టేది కాదు, మళ్ళీ అన్నీ తియ్యాలి. ఊరి పక్కనున్న వైమానిక స్థావరం నుంచి విమానం లేస్తే అరల్లో రేకు డబ్బాలన్నీ గలగలా మోగేవి. నాయన తూకం ఆపేసి, తక్కెడ ముల్లు మళ్ళీ నిలబడేదాకా చేతులు కట్టుకొని నిలబడేవాడు. కొనేవాళ్ళు కూడా మాట్లాడకుండా ముల్లునే చూసేవాళ్ళు. ఆ కాసేపూ అంగట్లో ఇంగువ వాసన, బెల్లం వాసన, గోనెసంచుల వాసన మాత్రమే ఉండేవి. ఇప్పుడెక్కడైనా పాత గోనెసంచి వాసన తగిలితే నాకు ముందు ఆకాశం వైపు చూడాలనిపిస్తుంది.

ఆ అంగట్లో ప్రతి వస్తువుకూ తెలుగులో ఒక పేరు, కన్నడలో ఒక పేరు, నాణ్యాన్ని బట్టి మరో పేరు ఉండేవి. పెరట్లో ఉన్న ఆ పొదకు మాత్రం ఒక్కటీ లేదు. ఎందుకంటే దాన్ని ఎవరూ అమ్మరు. మల్లెలు మూర లెక్కన అమ్ముడుపోతాయి. కనకాంబరాలు పోతాయి. పండగ రోజుల్లో మామిడాకులు, అరటాకులు కూడా పోతాయి. ఈ పువ్వు దండకు నిలవదు, తుంచితే సాయంత్రానికి వడలిపోతుంది. ధర లేని వస్తువుకు పేరెందుకు? "ఆ చెట్టు" అనేవాళ్ళం. దాని కొమ్మలమీద పైపంచలు ఆరేసేవాళ్ళం.

మధ్యాహ్నం పలకలు పెట్టేసి అందరూ కునుకు తీసే వేళ, వదిన తొట్టి గట్టుమీద ఆ చెట్టువైపు తిరిగి కూర్చునేది. బియ్యం చాట ఒళ్ళో ఉండేది గాని చేతులు ఆడేవి కావు. కొత్త కోడలు ఒక్కతే అలా కూర్చుంటే ఆరోజుల్లో ఏ అత్తైనా అరుస్తుంది. మా అమ్మ అరవకపోవడానికి ఒళ్ళో ఆ చాట ఉండడమే కారణమని నా అనుమానం. హిందూపురం పక్క పల్లెనుంచి వచ్చిన పిల్లకు మా ఇంట్లో ఎప్పుడూ వినిపించే లెక్కల మాటలు తప్పించుకోవడానికి అంతకు మించి చోటు లేదు. ఇదంతా ఇప్పుడు తెలుస్తున్న సంగతి. అప్పుడు మాత్రం, "వదినా, ఆ చెట్టుతో ఏం బేరమాడతాండావు?" అని ఎగతాళి చేసేదాన్ని.

సరే, పని ఒప్పుకున్నాను. ఆ ఆదివారం నేనుండే ఎలక్ట్రానిక్ సిటీనుంచి ఊరి ఆ కొసకు పోయి పెరట్లో నిలబడ్డాను. చెట్టు విరగబూసి ఉంది. ఊదారంగువి కొన్ని, వెలిసిన ఊదావి కొన్ని, తెల్లవి కొన్ని. చిన్నప్పుడు ఒకే చెట్టుకు ఇన్ని రంగులేమిటని అడిగితే నాయన, "ఎవడో రెండు జాతులు కలిపి నాటినాడు, కల్తీ" అని తేల్చేశాడు. కందిపప్పులో కేసరిపప్పు కలిసినట్టు అన్నమాట. నేను ఆ మాటే ఇన్నేళ్ళూ మోశాను.

ఇక్కడ నేను నేర్చిన విద్య గురించి చెప్పాలి. చింతపండు కొనడానికి నాయన సంతకు పోతూ నన్ను వెంట తీసుకుపోయేవాడు. రాశి దగ్గర కూర్చొని, ముందు అన్నిటికన్నా చెడ్డ ముద్దను వెతికి చేతిలోకి తీసుకునేవాడు. గింజ, పీచు, పురుగు, ఏదో ఒకటి అందులో ఉండాలి. బేరం జరిగినంతసేపూ దాన్ని కింద పెట్టేవాడు కాదు. "అమ్మేవాని కళ్ళు దీనిమీదే ఉండాల. బాగుండేదాన్ని చూసి పండ్లు ఇకిలించినావంటే అయిపోయె" అనేవాడు. ఆ విద్య నాకు ఎంత బాగా పట్టుబడిందంటే, పెళ్ళిచూపుల్లో మా ఆయన ముఖం కంటే ముందు ఊడిపోయిన చొక్కా గుండీ చూశాను. ఆయన ముఖం తర్వాత తీరిగ్గా చూసుకున్నాను, నష్టపోలేదు.

అలవాటు ప్రకారమే ఆ చెట్టు దగ్గర కూడా చెయ్యి దానంతటదే చెడ్డవాటి మీదికే పోయింది. అంచులు గోధుమరంగుకు తిరిగిన తెల్ల పువ్వు ఒకటి, పురుగు తిన్న ఆకు ఒకటి కోసి కాగితంలో పొట్లం కట్టాను. మంచి పువ్వు తీసుకుపోతే, ఈమెకు ఈ చెట్టు బాగా కావాలని నర్సరీవాడు పసిగట్టేస్తాడని నా తెలివి.

మా ఇంటినుంచి అత్తిబెలె వైపు పోతే రోడ్డు పక్కన నర్సరీలు వరసగా ఉంటాయి. మొదటిదాంట్లో పొట్లం విప్పి, ముక్కు చిట్లించి అడిగాను.

"ఏమప్పా, ఇదేం కంప? మా ఇంట్లో ఊరికే పెరిగిపోతాంది."

అతను ఆ వడలిన పువ్వును గోరుతో తిప్పి చూశాడు. "నందివర్ధనం అమ్మా. తీసుకోండి, మంచి గిడ ఉంది" అని పక్కనున్న మొక్కను చూపించాడు.

"మా ఇంట్లో ఉన్నదే పీకేద్దామంటుంటే మళ్ళీ కొనమంటావా? సరేలే, ఎంతకిస్తావు?"

కొనేదాకా అతను వదల్లేదు, సగానికి తగ్గించేదాకా నేను కొనలేదు. విజయగర్వంతో ఆ మొక్కను ఒళ్ళో పెట్టుకొని యలహంకకు పోయాను. వదిన దాని ఆకు ఒకటి తుంచి చూసింది. తెల్లగా పాలు కారాయి.

"మే, మన చెట్టుకు పాలు యాడివి? ఇది దేవునికి పెట్టే పువ్వు. ఇది కాదు."

"అయితే సగం ధరకే వచ్చింది వదినా."

"మనది కాని చెట్టు ఊరికే వచ్చినా ఏం చేసుకుంటాం?"

మా అంగట్లో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. 'చౌకగా వచ్చింది' అన్న తర్వాత ఇంకో మాట ఉంటుందని నాకు తెలియదు.

రెండోసారి ఫోన్‌ను నమ్ముకున్నాను. మా పక్క ఫ్లాటులో ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఉంది. పువ్వుకు ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్ ఏదో తన ఫోన్లో ఉందంటే, యలహంకనుంచి మళ్ళీ ఒక పువ్వు తెచ్చి ఇచ్చాను. మళ్ళీ తెల్లదే, మళ్ళీ వడలినదే. ఆ అమ్మాయి దాన్ని బల్లమీద పెట్టి, లైటు వేసి, అటునుంచీ ఇటునుంచీ ఫోటో తీసింది. "ఆంటీ, ఇది వింకా అంట. తెలుగులో బిళ్ళగన్నేరు. చూడండి, ఐదు రేకులు, మధ్యలో సన్న గొట్టం, మ్యాచ్ అయింది" అంది. నాకూ నిజమేననిపించింది. ఆ సాయంత్రమే ఒక నర్సరీలో ఒకటి కొంటే ఒకటి ఉచితంగా ఇచ్చేలా మాట్లాడి రెండు బిళ్ళగన్నేరు మొక్కలు తెచ్చి యలహంకకు మోసుకుపోయాను.

ఈసారి వదిన నవ్వాపుకోలేక తొట్టి గట్టుమీద కూలబడిపోయింది.

"దీన్ని డబ్బులిచ్చి కొన్నావా? మోరీ గట్టున ఎంత కావాలంటే అంత ఉండాది కదమ్మే!"

అన్న లోపలినుంచి అరిచాడు. "నాయన బతికుంటే నీకు అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే హక్కు తీసేసేవాడు!"

నవ్వు అయిపోయాక వదిన కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నవ్వుకు మాత్రమే కాదని నాకు అనిపించింది. సామాన్లు కట్టడం అప్పటికే మొదలైంది. వసారాలో అట్టపెట్టెలు ఉన్నాయి. బిల్డరు మనిషి వచ్చి పెరడు కొలుచుకొని పోయాడట, గోడమీద ఎర్ర రంగుతో గీతలు ఉన్నాయి. ఆ చెట్టున్న చోటు కార్లు నిలిపే జాగాలోకి వస్తుందట.

"ఇంతకూ నువ్వు వాళ్ళకు ఏం చూపించినావు?" అని అడిగింది వదిన.

పొట్లం తీసి చూపించాను. ఆమె ఆ పువ్వునూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఇది ముసిలి పువ్వు. రేపు రాలిపోయేది. నీకు సంబంధం చూసేటప్పుడు జ్వరంలో తీసిన ఫోటో పంపించినామా మేము?"

"తెల్లది ఒక రకం, ఊదాది ఒక రకం కదా?"

"ఎవరు చెప్పినారు నీకు?"

"నాయన. కల్తీ చెట్టని."

వదిన లేచి నన్ను చెట్టు దగ్గరికి లాక్కుపోయింది. అంత గట్టిగా ఆమె నా చెయ్యి పట్టుకోవడం ఎప్పుడూ లేదు. ఒక్కో పువ్వుమీదా వేలు పెట్టి చెప్పింది. "ఇది ఈ పొద్దు విచ్చుకునింది, చూడు, ముదురు ఊదా. ఇది నిన్నటిది, రంగు తేలిపోతాంది. ఇది మొన్నటిది, తెల్లగా అయిపోయింది. అన్నీ ఒకటే పువ్వు. వాసన చూడు. కొత్తదానికి ఎక్కువుంటుంది, తెల్లదానికి ఇంచుమించు ఏమీ ఉండదు. మధ్యాహ్నం పూట రోజూ కూర్చుంటే నీకూ తెలిసేది."

నేను వాసన చూశాను. ఆ ఇంట్లో పుట్టి పెరిగి, ఆ పువ్వుకు వాసన ఉందని ఆరోజే తెలుసుకున్నాను. చెట్టు మూడు రంగులూ చూపిస్తుంటే మా నాయన అంత తెలివైన మనిషి కల్తీ అన్నాడు, నేను అందులో చెడ్డది ఏరుకొని పోయాను. తండ్రీ కూతుళ్ళం ఇద్దరం దాన్ని సరుకులాగానే చూశాం.

మరుసటి ఆదివారం వదినే నాతో బయల్దేరింది. మూడు రంగులూ ఉన్న కొమ్మ ఒకటి పొద్దున్నే కోసి, తడిగుడ్డ చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టుకుంది. బస్సులో ఆ డబ్బాను చంటిబిడ్డలాగా పట్టుకొని కూర్చుంది. "నువ్వు నోరు తెరవొద్దు" అని ముందే షరతు పెట్టింది.

"ఎందుకు?"

"నువ్వు తెరిస్తే చెట్టుకు రోగమొచ్చినట్టు ఉంటాది."

యలహంక దాటి కొంచెం దూరంలో ఉన్న నర్సరీ అది. యజమానురాలు నా వయసు మనిషి. అప్పుడే తెరిచి నీళ్ళు చల్లుతోంది. వదిన డబ్బా మూత తీసీ తియ్యకముందే, "అయ్యో, ఇదా! నిన్నె-ఇందు-నాళె గిడ" అంది.

నిన్న, నేడు, రేపు. బోర్డుమీద ఇంగ్లీషులో కూడా అదే రాసి ఉంది, దాని కింద నోరు తిరగని ఇంకో పేరు, బ్రన్‌ఫెల్సియా. వదిన ఆ పెద్ద పేరు నాతో చదివించి, పెదాలు కదుపుతూ ఒకసారి తనలో తాను అనుకుంది. తర్వాత చిన్న పేరు అనుకుంది. ఇన్నేళ్ళు రోజూ చూసిన మనిషికి పేరు కొత్తగా తెలిసినప్పుడు ఎలా ఉంటుందో ఆమె ముఖం అలా ఉంది.

నా విషయం వేరు. నల్ల కవర్లో ఆ మొక్క, దానికి వేలాడుతున్న ధర చీటీ చూసి నేను కొయ్యబారిపోయాను. దానికి ధర ఉంది! గులాబీ కంటే ఎక్కువే. మా పెరట్లో పైపంచలు ఆరేసుకున్న చెట్టు. ఇన్నాళ్ళూ పూసి రాలిపోయిన పువ్వులన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, అంగడివాళ్ళ పిల్లను కదా, వాటికి మనసులోనే లెక్క కట్టడం మొదలుపెట్టాను. షరతు మరచిపోయి, ఆ మొక్క అడుగున పసుపుబారిన ఆకు ఒకటి పట్టుకున్నాను.

"ఏమక్కా, దీనికి తెగులున్నట్టుంది..."

"ఎంత బాగుండాదో!" అంది వదిన, రోడ్డుమీదికి వినపడేలా.

యజమానురాలు మా ఇద్దరినీ చూసి నవ్వింది. బేరం అక్కడితో చచ్చింది. నేను సంచి తెరవబోయాను. వదిన నా చెయ్యి ఆపింది.

"అమ్మా, ఇది కొంటే ఇదే వస్తాది. నాకు మా చెట్టు కావాల. కొమ్మలు నాటితే బతకలేదు. ఇంకేమన్నా దారి ఉందా?"

ఎదురుగా కొనడానికి వచ్చిన మనిషిని చేతులారా వదులుకునే అంగడివాళ్ళను నేను చూడలేదు. ఆమె మాత్రం నీళ్ళ గొట్టం పక్కన పడేసి చెప్పింది. "ఇది కొమ్మకు తొందరగా వేరు పట్టదమ్మా. పాత గిడ కదా, మొదట్లో మట్టి తవ్వి చూడండి, పిలకలు లేస్తుంటాయి. వేరుతో సహా తీసి నాటండి. ఎండ తగలనివ్వకండి కొన్నాళ్ళు."

చెట్టు ఏదో తెలియనంతకాలం ఎవరూ చెప్పలేని మాట అది. వదిన వెంటనే ఇంటికి పోదామంది. కానీ నాకు కాళ్ళు కదల్లేదు. ఇంకా బోణీ కాని అంగడి. పొద్దున మొదట వచ్చిన మనిషి వట్టి చేతులతో పోతే ఆ రోజంతా అంగడివాళ్ళ మనసు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలా పోయినవాళ్ళను నాయన వీధి మలుపు దాకా కళ్ళతో వెంబడించేవాడు. మట్టి కుండీ ఒకటి, ఎరువు సంచి ఒకటి తీసుకున్నాను. చెప్పిన ధర ఇచ్చాను. అందులో నా గొప్పతనమేమీ లేదు. వదిన ముందు నా పరువు అప్పటికే పోయింది, తగ్గించమని ఇంకే ముఖంతో అడుగుతాను?

ఆ మధ్యాహ్నం పెరట్లో తవ్వాం. అన్న గడ్డపారతో మొదలుపెడితే వదిన లాక్కుంది, "నువ్వు పునాది తవ్వినట్టు తవ్వుతావు" అని. ఆమె గరిటె తెచ్చింది. వంటింటి గరిటె. నేల మీద బోర్లా పడినట్టు వంగి, మొదలు చుట్టూ మట్టిని కొంచెం కొంచెం తోడింది. ఒకవైపు ఏమీ లేదు. రెండోవైపు రాళ్ళే. గోడవైపు, ఎర్ర గీత పక్కన, జానెడు పొడవు పిలక ఒకటి కనిపించింది. ఉన్న రెండు ఆకులూ నీడలో పెరిగి పాలిపోయి ఉన్నాయి.

వేరు తెగకుండా తియ్యడానికి చాలాసేపు పట్టింది. పైన విమానం ఒకటి పోయింది. తీశాక చూస్తే వేరు వెంట్రుకలంత సన్నగా ఉంది. వదిన దాన్ని కుండీలో పెట్టి మట్టి కప్పి, చేతులు కడుక్కోకుండా అలాగే కూర్చుంది.

"బతుకుతుందా?" అన్నాను.

"నాకేం తెలుసు?" అంది, కుండీ అంచుకు అంటిన మట్టి తుడుస్తూ.

ఉన్న ఆకులు రెండూ వారంలోనే రాలిపోయాయి. కొత్త ఇంటికి పోయేటప్పుడు సామాన్ల లారీలో దాన్ని పెట్టనివ్వలేదు. వట్టి పుల్ల నాటిన కుండీని ఒళ్ళో పెట్టుకొని ఆటోలో పోయింది. తర్వాత కొన్నాళ్ళకు నేను ఆ వీధిలోంచి పోవాల్సి వచ్చింది. ఇల్లూ లేదు, పెరడూ లేదు. ఇటుకలు దింపుతున్నారు. ఏ చోట ఏముండేదో పోల్చుకుందామని చూశాను గాని, ఎర్ర గీతలున్న గోడ ఏ పక్కన ఉండేదో కూడా తెలియలేదు. వదినకు ఆ సంగతి చెప్పలేదు, ఆమె అడగలేదు. ఫోన్ చేసినప్పుడల్లా మాత్రం ఒకటే మాట. "పుల్ల పచ్చిగానే ఉండాది మే. గోరుతో గీకి చూసినా."

"గీకొద్దు వదినా, చంపేస్తావు."

"రోజూ గీకనులే."

మే నెలలో వానలు మొదలైన వారం ఆమె ఫోన్ చేసి ఒకే మాట చెప్పి పెట్టేసింది. నేను టిఫిన్ కూడా తినకుండా బయల్దేరాను. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మూడు అంతస్తులూ ఎక్కి, వగరుస్తూ లోపలికి అడుగుపెడితే అన్న నన్ను చూసి నవ్వాడు.

"ఒక ఆకు చూసేదానికి ఆ కొసనుంచి ఈ కొసకు వచ్చినావా?"

బాల్కనీలోంచి వదిన గొంతు వినిపించింది. "ఒకటి కాదు, రెండు. కింద ఇంకోటి వస్తాండాది. కండ్లద్దాలు పెట్టుకొని చూడమను."

నేను నేలమీద చతికిలబడి, కళ్ళద్దాలు తగిలించుకొని, కుండీ మీదికి వంగాను. నిజమే. పుల్ల అడుగున, మట్టికి ఆనుకొని, గోరంత కూడా లేని పచ్చటి మొన ఒకటి ఉంది.